ఆకుపచ్చ నుదురు

"ఆమెను అలా తిప్పకండి."

వెనకనుంచి వినిపించిన మాటకు సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. తెరమీద ఒక అమ్మాయి ముఖం బొంగరంలా తిరుగుతోంది. జుట్టు లేదు, రంగు లేదు, కళ్ళు మూసుకుని ఉన్నాయి. దవడ ఎడమవైపుకు ఒరిగిపోయి పెదవులు ఏటవాలుగా ఉన్నాయి.

"సారీ. శాంపిల్ ఫైల్ అని ఉంటే తెరిచాను."

"శాంపిలైనా మనిషే కదా," అంటూ స్కాన్లు తీసే అమ్మాయి మౌస్ లాక్కుని ఆ ముఖాన్ని నిటారుగా నిలబెట్టింది.

దవడ వంకర సరిచేసే ఆపరేషన్లు జరిగే ఆసుపత్రి అది. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా తీసిన త్రీడీ ముఖాలను ఒకదానిమీద ఒకటి పేర్చి, ఏది ఎంత జరిగిందో రంగుల్లో చూపించే ప్రోగ్రాం పెట్టడానికి అతను వచ్చాడు. స్కానింగ్ గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. దానికీ నల్ల పరదా. బయట విడవకుండా వాన.

పనంతా ఆ శాంపిల్ ముఖంతోనే. చూడగా చూడగా అతనికి అదొక అలవాటైపోయింది. రాగానే దానికి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు. టీ తాగి వచ్చేసరికి ఆ ముఖం తలుపువైపు తిరిగి ఉండేది.

"మీరు తిప్పారా?"

"నేనెందుకు తిప్పుతాను? మీరంటే ఇష్టమేమో," అందామె నవ్వకుండా.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఎవరండీ ఈ అమ్మాయి? ఆపరేషన్ తర్వాత తీసిన స్కాన్ లేదే?"

ఆమె కెమెరా అద్దం తుడుస్తూ అంది. "ఆ అమ్మాయి ఇప్పుడు లేదు."

ఆ రోజునుంచి అతనికి అన్నం సయించలేదు. పడుకుంటే ఆ మూసిన కళ్ళే. అంతకంటే భయపెట్టిన సంగతి ఇంకొకటుంది. స్కాన్ అమ్మాయి నవ్వినప్పుడల్లా ఎడమ చెంప అరచేత్తో కప్పుకుని తల కాస్త వాల్చేది. ఆ వాలులో చనిపోయిన పిల్ల తొంగిచూసేది. ఒకసారి పరదా తీసి ఆమె వాన చూస్తుంటే, నీళ్ళు జారుతున్న అద్దంలో ఆమె దవడ కూడా ఒరిగినట్టే కనిపించింది. తను మనసు పడింది బతికున్నామె మీదో, లేనామె మీదో అతనికే తెలియలేదు.

"మీకు దయ్యం పట్టినట్టుంది," అంది ఆమె.

"పట్టిందండీ. వదలమన్నా వదలడం లేదు."

"అయితే ఆవిడనే చూసుకుంటూ కూర్చోండి," అని విసవిసా వెళ్ళిపోయింది. లేని మనిషి మీద అంత అసూయ ఎందుకో అతనికి అంతుపట్టలేదు.

ఆఖరిరోజు ఒక టెస్టు మిగిలింది. "ఇద్దరు వేరు వేరు మనుషుల ముఖాలు పేరిస్తే, కుదరలేదని ప్రోగ్రాం చెప్పాలి. మీరు కాస్త కూర్చుంటారా?"

ఆమె కెమెరా వంక చూసింది. అతని వంక చూసింది. ఏదో తేల్చుకున్నదానిలా వచ్చి కూర్చుని కళ్ళు మూసుకుంది.

తెరమీద ఆమె ముఖం బూడిదరంగులో లేచింది. అతను దాన్ని శాంపిల్ మీద పేర్చాడు. తేడా ఉన్నచోట ఎరుపు, లేనిచోట ఆకుపచ్చ రావాలి. మొత్తం ఎర్రబడుతుందని చూస్తున్నాడు.

నుదురు ఆకుపచ్చగా మారింది. తర్వాత కనుబొమలు, ముక్కు పైభాగం. దవడ ఒక్కటే నెత్తుటిలా ఎర్రగా మిగిలింది.

కత్తి తాకని చోట ముఖం మారదని అతనికి తెలుసు. వెనక కుర్చీ కిర్రుమన్నా తిరిగి చూసే ధైర్యం చాలలేదు.

"లేదన్నారు కదా," అన్నాడు తెర వంకే చూస్తూ.

"లేదుగా. ఎంత ఎర్రగా ఉందో మీరే చూస్తున్నారు," అందామె. "సరిగ్గా నమలలేకపోయేదాన్ని. నలుగురిలో నోరు విప్పలేకపోయేదాన్ని. ఆపరేషన్‌తో అంతా బాగైంది. పాతదాన్ని నేనే పాతిపెట్టేశాను. మీరొచ్చి రోజూ దానికి గుడ్ మార్నింగ్ చెబుతుంటే నాకెలా ఉంటుంది?"

అతను మెల్లగా వెనక్కి తిరిగాడు. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి, నిండా నీళ్ళతో.

"ఇద్దరిలో ఎవరో తేల్చుకోలేక చస్తున్నాను. ఒక్కరేనని ముందే చెప్పొచ్చుగా?"

"చెబితే జాలిపడతారని."

"దయ్యమనుకున్నప్పుడే వదల్లేకపోయాను. మనిషివని తెలిశాక వదులుతానా?"

ఆమె కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసి, తల్లికి చేసి స్పీకర్ పెట్టింది. "అమ్మా, నా పాత ఫోటో ఒక్కటైనా మిగిలిందా? ఇక్కడ ఒకతను చూడాలంటున్నాడు."

అవతల వాన చప్పుడులో బీరువా తలుపు తెరిచిన శబ్దం వినిపించింది.

"నువ్వు చించి పారేసినవన్నీ ఏరి అతికించి దాచానే తల్లీ," అంది తల్లి. "కొన్ని ముక్కలు సరిగ్గా కుదరలేదు. అతన్ని ఇంటికే తీసుకురా."