షట్టరు వెనకాల ఊరు

శుక్రవారం సాయంత్రం ఐదూ నలభైకి శ్రీలలిత రెండో బకెట్టు ఫినాయిల్ నీళ్లు మెట్ల మీద కుమ్మరించి చీపురు అందుకుంది. మొత్తం పదిహేడు మెట్లు. ప్రతి మెట్టు మూలనా గుట్కా ఉమ్మి. కొన్ని ఎండి గోడకి అట్టలు కట్టినవి, కొన్ని ఆ పూటవే.

కింద టీ కొట్టు దేముడమ్మ తలెత్తి చూసింది. గొంతు తగ్గించింది.

"సీకటడిపోతంది లలితమ్మా. దిగిపో తల్లీ."

"ఇంకో నాలుగు మెట్లు."

"మెట్లు రేపు కూడా ఉంటాయి. నువ్వుండాల కదా."

ఆ మేడకున్న పేరు అలాంటిది. మేడంతటికీ కాదు, పైన ఎడమచేతి వైపు షట్టరుకి. వడ్డాది రోడ్డులో పోయే ఆటోవాళ్లు పగలైతే దాని కింద బండి ఆపి టీ తాగుతారు. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం ఆపరు.

ఒకప్పుడు అది నెట్ సెంటరు. పద్నాలుగు కంప్యూటర్లు, కాలేజీ ఎగ్గొట్టిన కుర్రాళ్లు, గంటకింతని. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక మూతపడింది. ఏడాదిగా, పొద్దుగూకాక, లోపల్నించి చప్పుళ్లు.

అందరూ చెప్పుకునే దెయ్యం చప్పుళ్లు కావవి. గజ్జెలు లేవు, ఏడుపు లేదు. గొడ్డలితో చెట్టు నరుకుతున్న చప్పుడు. మేకల అరుపు. సమ్మెట దెబ్బలు. రాత్రి ఎనిమిదింటికి... కోడి కూత. చెవి పెట్టి విన్నవాళ్లంతా ఒకటే మాట అన్నారు — ఆ షట్టరు వెనకాల ఓ ఊరుంది.

మూడు రాత్రులు తిండీ నిద్రా మాని గేమ్ ఆడి, కుర్చీలోనే ప్రాణం వదిలిన కుర్రాడొకడున్నాడట. వాడి ఊరేనట అది. ఆ కుర్రాడి పేరేమిటని శ్రీలలిత అడిగింది. ఎవరి పిల్లాడు, ఏ ఏడు పోయాడు అని కూడా అడిగింది. అడిగిన ఆరుగురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. "పోయేడంతే" అన్నారు.

షట్టరుకి బయట అరచెయ్యంత తాళం. తాళం నెట్ సెంటరు నడిపిన ఉమామహేష్‌ది. అది మాత్రం అందరికీ తెలుసు.

కుడిచేతి వైపు గది శ్రీలలితది. సోమవారం నుంచి అక్కడ రక్తం శాంపిళ్లు తీసే సెంటరు. అనకాపల్లి ల్యాబులో పదకొండేళ్లు ఒకరి కింద పనిచేసి, ఇప్పటికి ఓ ల్యాబు కంపెనీ బోర్డుతో సొంతంగా పెట్టుకుంటోంది. షుగరు పరీక్షకి పరగడుపునే రావాలి. అంటే ఆరింటికి, చలికాలం చీకట్లో, ఆ షట్టరు ముందు నుంచే నడిచి రావాలి. ఆ మధ్యాహ్నం వివరం కనుక్కుందామని సన్యాసమ్మ అనే పెద్దావిడ సగం మెట్లెక్కి, పైకి చూసి, దణ్ణం పెట్టి వెనక్కి దిగిపోయింది. అట్లాంటివాళ్లు అప్పటికి ముగ్గురు. మెట్లెక్కే మనిషి లేకపోతే సెంటరు లేదు. మూడు నెలలు చూసి కంపెనీ బోర్డు పీకేస్తుంది.

కాబట్టి ఆ పూట ఆమె దిగలేదు.

చీపురు పదిహేడో మెట్టు మీద ఉండగా మొదలైంది.

టక్... టక్... టక్. గొడ్డలి.

శ్రీలలిత చీపురు కదపకుండా నిలబడింది. కింద గోవాడ వైపు చెరుకు ట్రాక్టరొకటి పోయింది. దాని మోత సద్దుమణిగాక మళ్లీ విన్నది. మేక. తర్వాత బండి చక్రం కిర్రుమనడం. తర్వాత ఇద్దరు మగవాళ్లు ఏదో అర్థంకాని భాషలో ఒక్క ముక్క అని ఊరుకోవడం.

భయం రావాలి. వచ్చింది చిరాకు.

ఎందుకంటే ఈ మేకని ఆమె ఎరుగును. ఈ మేక తన ఇంట్లోనే రోజూ అరుస్తుంది.

ఆమె భర్త కేదార్ ఆఫీసు నుంచి రాగానే కూర్చునే కంప్యూటరొకటుంది. డబ్బా మానిటరు. పక్క మూత ఊడిపోయి, లోపలి ఫ్యానుకి దుమ్ము బొచ్చులా పట్టి ఉంటుంది. అందులో ఓ పాత ఆట. చెట్లు కొట్టించడం, పొలాలు వేయించడం, ఊరు కట్టడం. ఎలక గూడు లాంటి ఆ డబ్బా ముందు నలభయ్యేళ్ల మనిషి గుడ్లప్పగించి కూర్చోవడం చూస్తే ఆమెకు ఒళ్లు జలదరిస్తుంది.

"కొత్తది కొనుక్కోలేవా? ఏముంది ఇందులో?" అని ఓసారి అడిగింది.

"కొత్తవి మళ్లీ మొదట్నించీ నేర్చుకోవాలి లలితా. ఇది నాకు వచ్చు. బయట నాకింత బాగా వచ్చింది ఇంకోటి లేదు."

ఆ జవాబు కూడా ఆమెకు రోతగానే తోచింది.

అదే ఆట. ఎవరో ఆర్పకుండా వదిలేసి ఉంటారు. మనిషి లేకపోయినా లోపలి జనం వాళ్ల పని వాళ్లు చేసుకుపోతారని కేదారే చెప్పాడు. సరే... దెయ్యం తేలిపోయింది. సోమవారం వచ్చిన వాళ్లకి నవ్వుతూ చెప్పొచ్చు.

తేలిగ్గా ఊపిరి తీసుకుని షట్టరుకి చెవి ఆనించింది.

గొడ్డలి. మేక. సమ్మెట.

ఆ చప్పుళ్ల అడుగున, వాటికి సంబంధం లేకుండా, చాలా దగ్గరగా —

క్లిక్. క్లిక్. ...క్లిక్.

మౌసు.

తాళం బయట ఉంది. తుప్పు పట్టలేదు. ఆమె ఆ రెండూ చూసింది.

అప్పుడే కరెంటు పోయింది.

రోడ్డు, టీ కొట్టు, మెట్లు అన్నీ నల్లబడ్డాయి. షట్టరు వెనకాల ఊరు ఒక్క దెబ్బకి ఆగిపోయింది. గొడ్డలి గాల్లో ఉండగానే ఆగినట్టు. ఆ నిశ్శబ్దంలో, షట్టరుకి అవతల, జానెడు దూరంలో ఒక గొంతు గొణిగింది.

"ఓర్నాయినో... సేవ్ సెయ్యలేదు."

ఆ తర్వాత దగ్గు. ఒకటి కాదు, తెరలు తెరలుగా. లోపల్నించి పేగులు తోడినట్టు, ఆగి, ఈల వేసి, మళ్లీ. చివర ఏదో డబ్బాలో ఉమ్మిన చప్పుడు.

దెయ్యాలకి దగ్గు రాదు.

శ్రీలలిత మోకాళ్ల మీద కూర్చుంది. షట్టరు అడుగున రేకు వంగి నాలుగు వేళ్ల సందుంది. ఫోను లైటు అందులోకి పట్టింది. నేల మీద ఎలకల పెంటికలు, మెతుకులు. వాటి మధ్య రెండు పాదాలు. గోళ్లు పెరిగి వంకర్లు తిరిగి ఉన్నాయి.

"ఎవరు?"

పాదాలు వెనక్కి జరిగాయి.

"లైటార్పండి మేడమ్. కిందోళ్లు సూస్తారు."

"ఎవరు నువ్వు?"

"బాలు. ఉమామహేష్ తమ్ముణ్ణి."

"ఎవరు తాళం వేశారు?"

"అన్నే. నానే ఎయ్యమన్నాను. తాళం సూస్తే లోపల మనిషున్నాడని ఎవులూ అనుకోరు కదండి." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "మీరెల్లిపోండి. నాది మంచి జబ్బు కాదు."

"టీబీయా? ఎక్కడ పరీక్ష చేశారు?"

"సెయ్యలేదండి. దగ్గు, జొరం, సిక్కిపోడం, ఓ రెండుసార్లు రక్తం... తెలిసిపోద్ది కదా. పరీక్ష సేస్తే సర్కారు పుస్తకంలో పేరెక్కుద్ది. పేరెక్కితే ఆశా కార్యకర్త ఇంటికొస్తది. ఆవిడ గుమ్మం ముందు ఆగిందంటే ఈదోళ్లందరికీ తెలిసిపోద్ది. మా సెల్లి రోజాకి సంబంధాలు సూస్తన్నారు..."

చెప్పడం పూర్తి కాలేదు. మెట్ల మీద అడుగులు. టార్చి వెలుగు. కేరేజీ గిన్నెల చప్పుడు.

ఉమామహేష్ పైకొచ్చాడు. తెల్ల చొక్కా, నుదుట కుంకుమ, శుభ్రమైన మనిషి. ఆమెను చూసి ఆగాడు. కేరేజీ వీపు వెనక్కి పోయింది.

"మేడమ్, ఇక్కడ నిలబడకండి," అన్నాడు గుసగుసగా. "మంచి చోటు కాదు. ఓ కుర్రాడు—"

"ఆ కుర్రాడి పేరు బాలు," అంది శ్రీలలిత. "తాళం తియ్యండి."

అతను కేరేజీ గోడవారగా దించాడు.

"దెయ్యం కథ కూడా మీదేనా?" అడిగింది.

"దేముడమ్మతో ఒక్కసారన్నానండి. మిగతాది ఊరే చేసుకుంది." తర్వాత, చేతులు జోడించి, "నలుగురున్న ఇల్లు మేడమ్. మూడు సంబంధాలు తప్పిపోయేయి. ఈ నాలుగోది కుదిరితే చాలు, నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను. తిండి మానలేదు, రోజూ రెండు పూటలా తెస్తన్నాను. మీకూ తమ్ముడుంటే తెలుస్తది."

"నాకూ ఉన్నాడు. తియ్యండి. లేదంటే పోలీసులు తీస్తారు."

తీశాడు. షట్టరు లేచిన సమయానికే కరెంటు వచ్చింది.

మలమూత్రాలూ చీమూ కఫమూ సీసాల్లో పట్టుకోవడం ఆమె పని. పదకొండేళ్లలో ఏనాడూ ముక్కు మూసుకోలేదు. ఆ గదిలో అడుగు పెట్టి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. కిటికీలకి మేకులు కొట్టి రేకులు. గోడల మీద చెమ్మ నల్లగా పాకి ఉంది. పదమూడు కంప్యూటర్లు మూల కుప్పగా, వాటి తీగల్లో ఎలకలు కన్న పిల్లలు, వెంట్రుకల్లేకుండా, ఎర్రగా. వెనకున్న మరుగుదొడ్డికి తలుపు లేదు. బల్ల మీద రంగుల డబ్బా, కళ్లెతో మూడొంతులు నిండినది.

ఆ మధ్యలో, షట్టరుకి చేరువలో, పద్నాలుగో కంప్యూటరు.

బాలుకి ముప్పై రెండేళ్లట. యాభై అనొచ్చు. తలుపు తెరుచుకుంటే మనిషి బయటికి చూడాలి. అతను చూడలేదు. ఆ పెట్టె వైపే నడిచి బటన్ నొక్కాడు. అది బీప్ మని, గురక పెట్టి, ఓ నిమిషానికి లేచింది. కీబోర్డు మీద అక్షరాలు జిడ్డు కింద కనబడవు. నాలుగు బాణాల మీటలు మాత్రం అరిగి తెల్లగా మెరుస్తున్నాయి.

"బుర్ర లేదురా నీకు," అన్నాడు అన్న. "ఇప్పుడు కూడా అదేనా?"

"పగలు సౌండాపి పొద్దున్నుంచి కట్టేను, అంతా పోయింది. ఎక్కడిదాకా ఉందో సూడనీ."

"ఇదే ఎందుకు?" అంది శ్రీలలిత. గొంతులో ఏవగింపు దాచుకోలేదు. "ఫోనైనా ఇచ్చి ఉండొచ్చు."

"ఇచ్చేడండి. నానే వద్దన్నాను. ఫోన్లో ఆట ఏది తెరిసినా ముందు నెట్ అడుగుద్ది, పేరు అడుగుద్ది, నీ స్నేహితుల్ని పిలు అంటది. ఎవుల్ని పిలుత్తాను? కొత్తవాటికి కొత్త పెట్టె కావాల. ఇదేటీ అడగదండి. ఐదొందల పన్నెండు ర్యామ్, నాలాటి బక్కది. నిన్న నానెక్కడ వదిలేనో అక్కడే ఉంటది, ఎవులూ మార్చరు." దగ్గి, తుడుచుకుని, తెర మీద ఓ చిన్న ఇంటిని చూపించాడు. "ఇది వైద్యుడి ఇల్లు. జబ్బు సేసినోడు లోనికెల్తాడా... రెండు నిమిషాలకి బైటికొచ్చి మళ్లీ పన్లోకి పోతాడు. అడిగేవోడు లేడు."

సేవ్ చేసిన ఆటల జాబితా తెరిచాడు. రోజుకొకటి, పేరు బదులు తేదీ. మొదటిది జనవరి ఇరవై ఎనిమిది. ఆఖరిది నిన్నటిది, డిసెంబరు పదకొండు. ఒక్క రోజూ తప్పలేదు. మొత్తం మూడు వందల పద్దెనిమిది.

ఉమామహేష్ ఆ జాబితా వైపు చూడలేదు. కేరేజీ మూత సరిగా పట్టిందో లేదో చూస్తున్నాడు.

శ్రీలలిత తన గదిలోకి వెళ్లి కొత్త డబ్బీ తెచ్చింది. గట్టిగా దగ్గి ఇందులో ఉమ్మమంది. బాలు ఉమ్మాడు. ఆమె గ్లవ్స్ చేతులతో మూత బిగించి, చీటీ మీద పెన్ను పెట్టింది.

"పేరు రాయకండి మేడమ్... మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆమె ఇంటిపేరుతో సహా రాసింది. తాళం తీసి తన సంచిలో వేసుకుంది. ఆ రాత్రి షట్టరు సగానికి ఎత్తే ఉంది. దేముడమ్మ మెట్ల కిందదాకా వచ్చి, పైకి చూసి, "మనిషేనా?" అంది. కాసేపటికి రెండు గ్లాసుల టీ పైకి పంపింది. తను మాత్రం ఎక్కలేదు.

సోమవారం సెంటరు తెరిచారు. తొమ్మిది మంది మెట్లెక్కారు. వాళ్లలో నలుగురు శాంపిలివ్వడానికి కాదు, ఎడమచేతి గదిలోకి తొంగి చూడ్డానికి. ఒకడు దిగుతూ మెట్టు మూల ఉమ్మేసి పోయాడు.

శనివారం పొద్దున మరోసారి తీసిన శాంపిలు కూడా కలిపి, రెండింటి ఫలితమూ మంగళవారం వచ్చింది. టీబీ లేదు.

గురువారం విశాఖపట్నంలో ఛాతీ వైద్యుడు స్కాను దీపానికి ఎదురుగా పెట్టి, బాలు ఇంతకు ముందు ఏం పనిచేసేవాడని అడిగాడు. అట్టల ఫ్యాక్టరీలో పాత చెరుకు పిప్పి ఎత్తేవాడినని బాలు చెప్పాడు. బూజు పట్టిన పిప్పి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే వచ్చే జబ్బిది, ఒకరి నుంచి ఒకరికి అంటదు, ఆ దుమ్ముకి దూరంగా ఉంటే చాలామందికి కొన్ని నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది అన్నాడు వైద్యుడు. అని, మళ్లీ స్కాను వైపు చూసి, ఒకటి అర్థం కావడం లేదన్నాడు. పని మానేసి ఏడాది దగ్గరైంది. తగ్గాల్సింది ఇంత ముదిరిందేం? ఇతను దేని మీద పడుకుంటున్నాడు?

బాలు అన్న వైపు చూశాడు.

"టీబీ అనుకున్నాం కదండి, దూది పరుపైతే తర్వాత తగలబెట్టెయ్యాలి," అన్నాడు ఉమామహేష్. "అందుకని ఆ ఫ్యాక్టరీ వెనకాల పారబోసిన పిప్పి తెచ్చి, గోనెల్లో కూరి కుట్టించేను."