కంచె అవతల ఇద్దరమ్మలు

ఆదివారం ఉదయపు ఎండ వంటింట్లోకి పలచని తేనెలా దిగుతోంది. పొయ్యి మీద మొక్కజొన్న నూక ఉడుకుతున్న చప్పుడు వెర్లీన్‌కు దూరాన కార్లు మలుపు తిరుగుతున్న హోరులా వినిపించింది. ముప్పై ఏళ్లుగా కారు పందేల శనివారాలన్నీ ఆ హోరులోనే గడిచాయి. అమెరికాలోని ఈ కరోలినా కొండల్లో అదీ ఒక రకం నిశ్శబ్దమే.

కూతురు కెండ్రా వచ్చి బల్ల ముందు కూర్చుంది. నిన్నటి పందెంలో ఆమె కారు ఇంకో కారుతో ఢీకొని, గోడను గుద్దుకుని రెండు పల్టీలు కొట్టింది. ఆగీ ఆగగానే కెండ్రా కిటికీకి కట్టిన వలను దించేసింది. వల దిగిందంటే లోపలి మనిషి క్షేమమని గుర్తు. జనం ఈలలు వేశారు. సహాయానికి వచ్చినవాళ్లు రెండో కారు వైపు పరుగెత్తారు.

ఇప్పుడు కాఫీ కప్పు కోసం చాచిన ఆమె చేయి, కప్పును కాక పక్కనున్న బల్లను తాకింది. వెర్లీన్ అది చూసింది.

అంతలో మరిది హార్లన్ గ్రీజు చేతులతో పెరట్లోంచి వచ్చాడు. "వదినా, చట్రం భేషుగ్గా ఉంది! మా అన్న కూతురా మజాకా, దెబ్బ తగిలింది గోడకే! శనివారానికి బండి సిద్ధం."

"శనివారం అది బండెక్కదు," అంది వెర్లీన్.

"ఎందుకెక్కనమ్మా? ఇంకొక్కటి గెలిస్తే ఈ ఏటి కప్పు నాదే. నాకేం కాలేదు, వల దించాను కదా!"

"మీ నాన్న కూడా దించారు."

హార్లన్ ముఖం పాలిపోయింది. "వదినా, ఇప్పుడదెందుకు..."

"ఇప్పుడే కావాలయ్యా. నాన్న నిద్రలో పోయారని చెప్పాం తల్లీ. రెండు రోజుల ముందు తలకు దెబ్బ తగిలిందని చెప్పలేదు. పందెం బాట పక్క కంచె పట్టుకుని నేను గుండెలు బాదుకుంటుంటే, నా ఏడుపు ఆపడానికే ఆయన వల దించారు. అది చూసి వైద్యుడు పక్కనుంచే వెళ్లిపోయాడు. నేనంత గోల చేయకపోయుంటే..."

ఆ మాట పూర్తి కాలేదు. పదహారేళ్లుగా పూర్తి కాని మాట అది.

కెండ్రా తల ఎత్తింది. ఆమె చూపు తల్లి ముఖం మీద నిలవలేక అటూ ఇటూ తేలింది.

"నిన్న కంచె అవతల నాకు ఇద్దరమ్మలు కనిపించారు. ఇద్దరూ ఏడుస్తున్నారు. చూడలేక వల దించేశాను."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడూ ఇద్దరే ఉన్నారమ్మా."

వెర్లీన్ పొయ్యి ఆర్పి, కూతుర్ని రెండు చేతులా పొదువుకుంది. "నన్ను ఏడవనీ తల్లీ. ఏడిస్తే నాకేం కాదు. నిజం మాత్రం దాచకు."

కప్పు, శనివారం అన్న మాటలు మళ్లీ ఎవరి నోటా రాలేదు.

ఆసుపత్రి పదిహేను మైళ్లు. ఏనాడూ నెమ్మదన్నది ఎరగని హార్లన్, ఆ ఉదయం పలచని ఎండలో పిల్ల తల కదలకుండా, నిద్రపోతున్న పసిపాపను ఎత్తుకుని నడిచినట్టు బండి నడిపాడు.