ఏడింటికి పడే ‘వై’

నీటి సరఫరా ఆఫీసు మూడో అంతస్తులో చివరి గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక ఫైలు కోసం కూడా అటు ఎవరూ వెళ్లరు. ఆ గది ఖాళీ చేయించబోయిన ఇద్దరు ఇంజినీర్లలో ఒకాయన కాలు విరిగింది. రెండో ఆయనకు ప్రమోషన్ ఆగింది. కాలు సంగతి ఎలా ఉన్నా, ప్రమోషన్ ఆగిందనగానే ఆఫీసంతా దెయ్యాన్ని నమ్మేసింది.

గదిలో ఉన్నదల్లా ఒక కంప్యూటర్. దాని లోపల ఇంకో కంప్యూటర్. ముప్పై ఏళ్లనాటి యంత్రం పాడైపోతే, అందులోదంతా తీసి కొత్తదాంట్లో వర్చువల్ మెషీన్‌గా కూర్చోబెట్టారు. తన ఒళ్లు పాత ఇనుములోకి పోయిందని లోపలున్నదానికి తెలీదు... నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలతో ఊరికి నీళ్లు వదులుతూనే ఉంది.

“అంతా ఆటోమేటిక్ అమ్మా. అయినా పాతబడింది, తీసెయ్,” అన్నాడు డైరెక్టరు, కొత్తగా చేరిన సిస్టమ్స్ అమ్మాయితో. ఆ ఆటోమేటిక్‌కే ఆయనకు షీల్డు వచ్చింది. ఆ గది గడప మాత్రం ఆయన ఏనాడూ తొక్కలేదు.

తీసేసేముందు అదెలా నడుస్తుందో చూద్దామని ఆ సాయంత్రం ఆమె ఒక్కతే కూర్చుంది. సరిగ్గా ఏడింటికి తెర అడిగింది — వాల్వు తెరవాలా? అవునంటే ‘వై’, కాదంటే ‘ఎన్’.

ఆమె చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

తెర మీద ‘వై’ పడింది.

గోడ వెనక పైపుల్లో ఏదో గురగురమంది. ఆమె కీబోర్డు మీద కొట్టింది — ఎవరు?

జవాబుగా ఒక్కొక్క అక్షరమే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు — “నా కుర్చీలో కూర్చుని నన్నే అడుగుతున్నావా?”

లేవబోయింది. ఇంకో వరుస పడింది — “కిటికీలోంచి చూడు.”

చూసింది. వీధికి అవతల, మేడమీద కిటికీలో... ఒక ముసలాయన. ఎదురుగా కంప్యూటర్. చెయ్యి ఊపుతున్నాడు.

పది నిమిషాల్లో ఆయనింట్లో ఉంది. ఆ ప్రోగ్రాం రాసింది ఆయనే.

“ఆఫీసులో మీరు పోయారన్నారే, బాబాయిగారూ,” అంది నెమ్మదిగా.

“రిటైరయ్యానమ్మా. ఆఫీసులో రెండిటికీ తేడా తెలీదు. నా లాగిన్ తీసెయ్యడం కూడా మర్చిపోయారు. ఎవరో ఒకరు ‘వై’ నొక్కకపోతే ఊరికి నీళ్లుండవు. ఆ మాట చెప్తే, షీల్డు తీసుకున్నాక ఇప్పుడెందుకయ్యా అన్నాడు డైరెక్టరు.”

ఆయన భార్య మంచినీళ్లు తెచ్చిచ్చింది. “తొమ్మిదేళ్లమ్మా. ఆ ఒక్క అక్షరం కోసం నావైపువాళ్ల పెళ్లికి ఒక్కదానికీ రాలేదు. ఈ ఆదివారం మా చెల్లెలి మనవరాలిది. దానికీ ఒంటరిగానే వెళ్లాలి.”

“ఆదివారం నేను నొక్కుతాను పిన్నిగారూ. ఇద్దరూ వెళ్లిరండి.”

పెద్దాయన ఎందుకో అంత సంతోషించలేదు.

ఆదివారం ఏడింటికి ఆమె గదిలో కూర్చుంది. తెర అడిగింది. వేలు చాపింది... ఇంకా తాకనేలేదు.

‘వై’ పడింది.

ఎదురింటి కిటికీ చీకటిగా ఉంది. ఆయనకు ఫోన్ చేస్తే మోగుతూనే ఉంది. పిన్నిగారికి చేసింది.

“బాబాయిగారు... మీతోనే ఉన్నారా?”

“పక్కనే ఉన్నారమ్మా. పెళ్లి చూడకుండా ఫోన్లో ఏదో నొక్కుతున్నారు...” మాట మధ్యలో ఆగింది. తర్వాత, చాలా మెల్లగా — “ఏమండీ... ఇన్నేళ్లూ ఇది ఫోన్లోంచి కూడా నొక్కొచ్చా?”

ఫోన్ చేతులు మారిన చప్పుడు. పెద్దాయన గొంతు, గుసగుసగా —

“అమ్మాయ్... ఈ రాత్రికి ఆ గదిలో నాకు కాస్త చోటుంటుందా?”