రోజుకు మూడు గంటలు

తొమ్మిదో ఊహాపత్రం మీద వేలిముద్ర వేసి ఎస్తేరు పదోదాన్ని తెరిచింది. అన్నిటి మీదా యంత్రం ముందే 'తిరస్కృతం' అని రాసి పెడుతుంది. మనిషి కూడా చదివి తీరాలని చట్టం ఉంది గనుక ఆమెకు ఆ ఉద్యోగం ఉంది. గురుత్వం అంటే ఏమిటో, కాలం ఎందుకు వంగుతుందో తాము కనిపెట్టామంటూ ఎక్కడెక్కడి జనమో గదుల్లో కాలాన్ని నెమ్మదింపజేసి రోగులను ఉంచే ఈ మందకాల కేంద్రానికి రాస్తారు. బడిపంతుళ్ళు, లారీ డ్రైవర్లు, పింఛనుదారులు. చాలామందికి లెక్కలు రావు. కొందరు బొమ్మలు మాత్రం చక్కగా వేస్తారు.

పదోది పిచ్చయ్యది. కేంద్రం గోడను ఆనుకున్న వీధిలో గడియారాలు బాగుచేస్తాడు. ఇది అతని నలభై ఒకటో ఉత్తరం. ఈసారి ఉత్తరం వెనకే మనిషి కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కూర్చోండి పెద్దాయనా. మళ్ళీ కాలవ సంగతేనా?"

"అదేనమ్మా. జాగా అనేది ఖాళీ కాదు, పారేది. బరువున్న చోటికి వాలిద్ది. కాలం దాని మీద తేలే ఆకు. గదుల్లో మీరు అడ్డుకట్ట వేసి ఆకుని ఆపారు. ఆపిన నీళ్ళు యాడికో ఒకచోటికి పోవాలిగా? మా వీధిన పడి ఉరుకుతున్నాయి."

"సమీకరణం లేదని యంత్రం తోసేస్తోంది."

"నాకు అయ్యి రావమ్మా, గడియారాలు వచ్చు. మా వీధిలో ఏ గడియారమైనా రోజుకు మూడు గంటలు ముందుకు పోద్ది. దాన్నే అద్దంకి ఊరికి తీసకపోతే సరిగ్గా నడిచిద్ది. మా పిల్లకాయలకు బళ్ళో మధ్యాహ్నానికే నిద్రొచ్చిద్ది. సోమరిపోతులని పంతులు కొడతన్నాడు."

ఇవన్నీ పాత ఉత్తరాల్లో ఉన్నవే. అతను సంచిలోంచి రెండు ఆసుపత్రి కాగితాలు తీసి పక్కపక్కన పరిచాడు.

"ఇది మా ఇంటిదాని కాగితం, కోటమ్మది. ఇది దాని చెల్లెలిది. ఇద్దరూ కవలలు. చెల్లెలు అద్దంకిలో ఉంటది. కోటమ్మ గుండెజబ్బు బయటపడ్డ వారంలోనే పోయి రెండున్నరేళ్ళు దాటింది. అదే జబ్బు, అదే కవాటం, మొన్ననే చెల్లెలికి బయటపడింది."

కేంద్రం పెట్టి ఇరవై నాలుగేళ్ళు. ఎస్తేరు కాగితం మీద లెక్క వేసింది. కోటమ్మ పోయేనాటికి ఆ వీధి లోకం కంటే రెండేళ్ళ ఎనిమిది నెలలు ముందుంది. మరోసారి వేసింది. అంతే వచ్చింది. చెల్లెలి జబ్బు వెనకపడిందీ అంతే.

"అలిసిపోయానయ్యా అనేదమ్మా. పొద్దంతా ఏం చేశావని అలిసిపోయావు అని తిట్టేవాణ్ణి" అన్నాడు పిచ్చయ్య. "అది సోమరిది కాదని మీరెవరన్నా ఒక్క ముక్క రాసిస్తే చాలు." కాగితాలు మడుస్తూ అడిగాడు, "లోపల మీవాళ్ళు ఉన్నారా?"

"ఏడో గదిలో మా ఆయన."

ముసలాయన గబుక్కున లేచాడు. "తెలీక వచ్చాను తల్లీ" అంటూ ఉత్తరం తీసుకోబోయాడు. ఎస్తేరు దాన్ని అరచేత్తో నొక్కిపట్టింది.

భోజన విరామంలో ఆమె ఏడో గది అద్దాల కిటికీ ముందు కూర్చుంది. ప్రభుదాసు లోపలికి వెళ్ళి ఆరేళ్ళు. అతనికి మాత్రం ఆరు రోజులు. అతని రక్తంలోని జబ్బుకు మందు కనిపెట్టేదాకా అలా ఉంచాలి. బయటికి వస్తే రెండు నెలలకు మించి బతకడని డాక్టర్లు చెప్పారు. ఆమె అరగంట కదలకుండా కూర్చుంటే అతని కళ్ళకు అయిదు క్షణాలు ఆనుతుంది. ఆమెను గుర్తుపట్టి అతను మొదలుపెట్టిన నవ్వు విరామం ముగిసేసరికి ఇంకా పూర్తి కాలేదు.

ఆమె తిరిగొచ్చి పదో పత్రం మీద 'విచారణార్హం' అని గుర్తు పెట్టింది. కేంద్రం పుట్టాక ఆ గుర్తు ఎవరూ పెట్టలేదు. పెడితే విచారణ ముగిసేదాకా గదులన్నీ ఆపాలి. యంత్రం మూడుసార్లు ఖాయమేనా అని అడిగింది. తర్వాత పర్యవేక్షకుడు ఫోన్ చేశాడు.

"మీ ఆయన కూడా లోపలే ఉన్నాడు, గుర్తుందా ఎస్తేరూ?"

"గుర్తుందండి."

నాలుగింటికి నూట ఎనభై మంది రోగులను బయటికి తెచ్చారు. కబురు అందుకున్న కుటుంబాలతో వరండా నిండిపోయింది. ఒకావిడ ఎస్తేరు చీర కొంగు పట్టుకుని, "నా బిడ్డ నీకేం చేసింది?" అని అడిగింది.  ఎస్తేరు కొంగు లాక్కోలేదు. ఆవిడే వదిలేసి వెళ్ళింది.

ప్రభుదాసు గోడ పట్టుకుని నడుస్తూ వచ్చాడు.

"మందు దొరికిందా?"

"లేదండీ."

"మరి తలుపులు ఎవరు తీయించారు?"

"నేనే."

గోడవతల వీధి గురించి, పిల్లల గురించి, కోటమ్మ గురించి చెప్పింది.  అంతా విని అతను, "నన్నొక మాట అడగాల్సింది" అన్నాడు.

"అడిగితే ఏమనేవారు?"

అతను కిటికీలోంచి బయటి ఎండకేసి చూశాడు.

"వద్దనేవాణ్ణి" అన్నాడు.

"తెలుసండీ."

అతను ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నిలబడటానికి ఆసరా కావలసి వచ్చింది.