తొమ్మిదో పడవ

నాలుగో నంబరు మెషీన్ మీద రాత్రిపూట పరీక్ష పెట్టకూడదు — కొచ్చి పక్కన కాక్కనాడులో మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి అన్నిటికంటే ముందు చెప్పే మాట ఇదే.

మెషీన్ అంటే మా గదిలో ఉండేది కాదు. పుణేలో ఎవరిదో కంపెనీ. వాళ్ళ పెద్ద కంప్యూటర్ కడుపులో మాకోసం ఆరు వర్చువల్ మెషీన్లు కట్టి అద్దెకిచ్చారు. మేం రాసిన ప్రోగ్రామ్ అక్కడే తయారవుతుంది, అక్కడే పరీక్ష అవుతుంది. పని కాగానే వాళ్ళు మెషీన్‌ని తుడిచేసి మళ్ళీ కొత్తది ఇస్తారు. పాతది ఒక్క అక్షరం కూడా మిగలదు.

మిగలకూడదు మరి.

మా ప్రోగ్రామ్ పనల్లా, సముద్రంలో గాలి లేస్తే చేపల పడవలకి కబురు పెట్టడం. పరీక్షకి ఎనిమిది కల్పిత పడవల్ని పెట్టి, ఉత్తుత్తి తుఫాను పంపిస్తాం. ఎనిమిదీ 'అందింది' అనాలి. నాలుగో నంబరు మీద మాత్రం, అదీ రాత్రిళ్ళు... తొమ్మిది పలికేవి.

తొమ్మిదో పడవకి పేరు కూడా ఉంది. పత్రోస్, చెల్లానం.

పత్రోస్ కల్పితం కాదు. చెల్లానం రేవువాడు, నిరుడు కబురు అందుకునే మా పెట్టెల్ని పడవల్లో పెట్టుకుని వాడి చూసిన జాలర్లలో ఒకడు. ఆ వానాకాలంలోనే సముద్రంలో పోయాడు. శవం దొరికింది గానీ పడవ దొరకలేదు.

ఆ రాత్రి సంగతి ట్రీసా స్వయంగా నాకు చెప్పింది. పరీక్షలన్నీ చూసేది తనే. అల్పపీడనం ముంచుకొస్తోందని వార్తలు. తెల్లారేసరికి కొత్త ప్రోగ్రామ్ జాలర్ల సంఘానికి అందాలి. ఐదు మెషీన్లూ వేరే పనుల్లో ఉన్నాయి. మిగిలింది నాలుగోది.

"దెయ్యాలక్కూడా అద్దె మెషీన్లే గతి అయితే మనమేం చేస్తాం మోళే," అని కూతుర్ని పిలిచినట్టు పిలిచి నవ్వి, టీమ్ పెద్ద ఉన్నిచేట్టన్ — మా ఉన్ని అన్న — ఇంటికెళ్ళిపోయాడు.

రాత్రి రెండు దాటాక ట్రీసా పుణేకి ఫోన్ చేసింది.

"భయ్యా, నాలుగో నంబరు తుడిచి ఇవ్వండి."

"ఇప్పుడేగా ఇచ్చాను దీదీ."

"మళ్ళీ తుడవండి."

తుడిచాడు. మామూలుగా మేం చూసేది ఆఖరి లెక్క ఒక్కటే. ఆ రాత్రి ట్రీసా సముద్రం పటం తెరిచిపెట్టుకుని కూర్చుంది. నల్లగా, ఖాళీగా ఉంది. ఒక్కో చుక్కా వెలిగింది. ఒకటి... ఐదు... ఎనిమిది.

ఊపిరి వదిలింది.

తొమ్మిది.

చెల్లానానికి పడమరగా, మెల్లగా కదులుతోంది.

"దీదీ..." ఫోన్‌లో గొంతు తగ్గింది. "నేను చూస్తూనే ఉన్నా. మీరు పంపింది తప్ప అందులో ఏమీ లేదు."

ట్రీసా ఫోన్ పక్కన పెట్టింది. తుఫాను మీట నొక్కింది. అన్ని పడవలకీ ఒకటే మాట వెళ్తుంది — గాలి లేస్తోంది, ఒడ్డుకు వచ్చెయ్.

కల్పిత పడవలు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటికి కదలడం రాదు.

తొమ్మిదో చుక్క ఆగింది. నిమిషంపాటు అలాగే ఉంది. తర్వాత... తిరిగింది.

ఒడ్డుకు వస్తోంది. దగ్గరగా... ఇంకా దగ్గరగా. ట్రీసా తనకి తెలియకుండానే కుర్చీ వెనక్కి జరుపుకుంది. జరుపుకుంటుండగానే ఒక ఆలోచన తట్టింది. వెంటనే ఫోన్ చేసి ఉన్నిచేట్టన్‌ని నిద్రలేపింది.

"చేట్టా, చచ్చినవాడికి తుఫానంటే భయమెందుకు?"

అవతల తాళాల చప్పుడు వినిపించింది.

"అక్కడే ఉండు. కారు తెస్తున్నా."

వాళ్ళు చెల్లానం చేరేసరికి ఇంకా చీకటి విడలేదు. గట్టు దిగువన, ఇసుక మీదకి లాగిన చిన్న పడవ. పక్కన ఎవరో వంగి వల మడుస్తున్నారు. మగవాళ్ళ చొక్కా, మోకాళ్ళ దాకా ఎగ్గట్టిన లుంగీ. మెడలో తాడుకి వేలాడుతూ మా పెట్టె.

టార్చి వేశారు. ఆడమనిషి.

పత్రోస్ భార్య ఫిలోమినా.

"లైటు తియ్యండి," అంది గుసగుసగా. "ఎవరైనా చూస్తే మా మరిది మిగిలిన ఈ ఒక్క పడవా లాక్కుంటాడు. ఆడదాన్ని ఒక్కదాన్నే వెళ్తున్నానని ఊళ్ళో తెలీదు."

"ఈ పెట్టె..." అన్నాడు ఉన్నిచేట్టన్.

"ఆయన పోయిన రోజు ఇది ఇంట్లోనే ఉండిపోయింది. చార్జింగులో పెట్టి మర్చిపోయాడు."

ఉన్నిచేట్టన్ పెట్టె తిప్పి చూసి తల పట్టుకున్నాడు. నిరుడు పరీక్ష కోసం దాన్ని నాలుగో నంబరు చిరునామాకి కలిపింది తనే. మెషీన్‌ని ఎన్నిసార్లు తుడిచినా చిరునామా అదే. సముద్రంలో నిజంగా ఉన్న మనిషికి అన్ని రాత్రులూ ఉత్తుత్తి తుఫాన్లు పంపాం. అసలు తుఫాను వస్తే కబురు అందాల్సిన జాబితాలో మాత్రం ఆమె లేదు. అక్కడే ఇసుకలో కూర్చుని ఆ పెట్టెని అసలు జాబితాకి మార్చాడు.

ట్రీసాకి ఒక్కటే అర్థం కాలేదు. చేచ్చీ, అంటే అక్కా, అని పిలిచి అడిగింది.

"చేచ్చీ, ఆకాశం నిండా చుక్కలున్నాయి. గాలే లేదు. అయినా కబురు రాగానే వల ఎత్తేసి ఎందుకు వచ్చేశారు?"

ఫిలోమినా ఆమె ముఖంలోకి చూసింది.

"ఇది ఆయన పెట్టె. ఇందులోంచి రమ్మని ఇంకెవరు పిలుస్తారు?"

చెప్పకుండా ఉండిపోదామనిపించిందట ట్రీసాకి. కానీ రేపు నిజంగా గాలి లేస్తే ఆ కబురు ఎవరిదో ఆమెకి తెలియాలి కదా.

"చేచ్చీ... పంపింది నేను."

ఫిలోమినా వల వదిలేసి దగ్గరకి వచ్చింది.

"పదకొండు రాత్రులు," అంది. "పదకొండు రాత్రులు దీంతో మాట్లాడాను. నీకు... వినిపించేదా?"

"లేదు చేచ్చీ. పెట్టె మాటలు పంపదు. చుక్క ఒక్కటే కనిపించేది."

"మంచిది," అంది ఫిలోమినా, పెట్టెని చొక్కా లోపలికి తోసుకుంటూ.