మూత మీద రెండు బోల్టులు

“సంపినోడి పేరు రాయమంటే సచ్చినోడి తప్పని రాస్తారేటి? మీకు కళ్ళు లేవా? కలం ఒక్కటే ఉన్నాదా?”

చచ్చినవాడి భార్య కూర్మమ్మ అరుపుకి పంచనామా రాస్తున్న కానిస్టేబుల్ చెయ్యి ఆగిపోయింది.

సీఐ పన్నెండింటికి వచ్చాడు. పన్నెండూ పదికి జీపెక్కాడు. ఆ పది నిమిషాల్లో ఒక మనిషి చావుని రెండు ముక్కల్లో తేల్చేశాడు. సొంత నిర్లక్ష్యం.

మిగిలింది ఎస్సై హేమ. ఆమె ముందు శవం.

దాలయ్య. వయసు యాభై నాలుగు. కళింగపట్నం రోడ్డులో ముప్పై ఏళ్ళుగా ట్రాక్టర్ మెకానిక్. తన షెడ్డు ముందు వాలులోనే వెల్లకిలా పడి ఉన్నాడు. ట్రాక్టర్ వెనక చక్రం అతని ఛాతీ తొక్కి, దిగువన గోడకి కొట్టుకుని నిలిచింది. కుడి చేతిలో పెద్ద స్క్రూడ్రైవర్.

ట్రాక్టర్ యాభై ఏళ్ళ నాటిది. రంగు పోయి తుప్పు మిగిలింది. నంబరు ప్లేటు లేదు.

మొదట చూసింది దాని డ్రైవర్ త్రినాథ్.

“టైమ్?” హేమ అడిగింది.

“పదకొండూ ఇరవై అండి. టీ తాగి వస్తన్నాను. ఇంజన్ సౌండ్ ఇనబడింది. సూసేసరికి బండి ఎగిరి ముందుకొచ్చీసింది.”

“స్టార్ట్ చేసిందెవరు?”

“దాలయ్య మావేనండి. ఈ బండికి తాళం పని సెయ్యదు. కింద నిలబడి స్టార్టర్‌కి స్క్రూడ్రైవర్ ఆనిస్తారు. గేర్లో ఉన్నాదని సూసుకోలేదు పాపం.”

“ఇంజన్ ఆపిందెవరు?”

“నానే.”

హేమ ఎక్కి చూసింది. గేర్ లివర్ రెండో గేర్లో ఉంది. ఇలాంటి చావులు ఆమెకి కొత్త కాదు. ఈ ఏడాదిలోనే రెండు చూసింది. త్రినాథ్ చెప్పింది అతికినట్టు సరిపోయింది. అదే ఆమెకి నచ్చలేదు.

“మేడమ్, పోనీండి.” ట్రాక్టర్ ఓనర్ గిరిబాబు దగ్గరికొచ్చాడు. వంశధార ఇసుక తోలే మనిషి. తెల్ల చొక్కా, కళ్ళజోడు. “అపశకునం బండి. అయిదింటికి స్క్రాప్ లారీ వస్తాది. ఇచ్చీస్తాను.”

“నిన్న రిపేరుకి, ఇవాళ స్క్రాప్‌కా?”

గిరిబాబు నవ్వేసి, ఫోన్ తీశాడు.

ఒకటిన్నర అయింది. కూర్మమ్మ ఖాళీ ఆయిల్ డ్రమ్ము పక్కన కూలబడి ఉంది. హేమ ఆమె ఎదురుగా నేల మీదే కూర్చుంది.

“మీ ఆయనకి ఎవరితోనైనా గొడవలున్నాయా?”

“ఆడికా? గేరు పళ్ళతో తప్ప ఎవుడితో దెబ్బలాడినాడమ్మా!” కొంగుతో ముక్కు తుడుచుకుంది. “నిన్న కూడు ముట్టలేదు. ఈ బండికి ఏదో దొరికిందన్నాడు. గంగులు కేసు గురించి ఎస్సైగారితో సెప్పాలి, రేపు టేసనుకెల్తానన్నాడు.”

హేమకి ఆ పేరు తెలుసు.

గంగులు చేపలు పట్టేవాడు. పదకొండు రోజుల కిందట తెల్లారగట్ల వల మూట సైకిలుకి కట్టుకుని రేవుకి పోతుంటే ఏదో బండి గుద్దేసింది. గుర్తు తెలియని వాహనం. ఆ ఫైలు హేమ టేబుల్ మీదే ఉంది. పదకొండు రోజులుగా.

“ఏం దొరికింది?”

“సెప్పలేదు. బద్రంగా మూసినానన్నాడు. అంతే.”

హేమ లేచి ట్రాక్టర్ చుట్టూ తిరిగింది. గేర్‌బాక్స్ మూత మీద వాడిన మందారం. కాలిపోయిన అగరొత్తి పుల్ల. మూతకి ఎనిమిది బోల్టు రంధ్రాలు. బోల్టులు రెండే.

“ఇదేమిటి?”

“ఆడి పద్ధతమ్మా. గేరు పెట్టె ఇప్పితే నోరు తెరిసి ఒగ్గీకూడదనీవోడు. పని సగంలో ఆగితే మూతెట్టి, రెండు బోల్టులు సేత్తో తిప్పి, అగరొత్తి ఎలిగించీవోడు. పని పూర్తయితేనే ఎనిమిదీ బిగింపు.”

హేమ వేళ్ళతో ఒక బోల్టు తిప్పింది. పానా లేకుండానే తిరిగింది.

షెడ్డు గోడ మీద సుద్దతో రాసిన ఫోన్ నంబరుంది. లేత్ చినబాబు, శ్రీకాకుళం. ఆమె ఆ నంబరుకి కొట్టింది. ఒక్క ప్రశ్న అడిగింది. జవాబు విని, “దాన్ని పట్టుకుని మూడున్నరకల్లా ఇక్కడ ఉండండి” అంది.

రెండింటికి శవాన్ని పోస్ట్‌మార్టమ్‌కి పంపారు. ఫొటోలు, కొలతలు, వేలిముద్రలు అయ్యాయి. మూడూ నలభైకి హేమ అందర్నీ షెడ్డు ముందుకి పిలిచింది. ఊరు సగం వచ్చి రోడ్డు మీద నిలబడింది.

“తాడు కట్టండి. వెనక్కి లాగి, పైన చదును మీద పెట్టండి. లివర్ ఎవరూ ముట్టుకోవద్దు.”

పదిమంది లాగారు. అంత ఇనుమూ తోపుడుబండిలా గడగడా వచ్చేసింది. గేర్లో ఉన్న ట్రాక్టర్ అలా రాదు. గిరిబాబు ఫోన్ చూసుకుంటున్నాడు, అతనికది పట్టలేదు. త్రినాథ్‌కి పట్టింది. నములుతున్న కిళ్ళీ నోట్లో ఆగిపోయింది.

“త్రినాథ్, ఎక్కు. స్టార్ట్ అవుతుంది. లివర్ రెండో గేర్లోనే ఉంది, క్లచ్ తొక్కి పట్టుకో.”

“నానెందుకండి?”

“నువ్వే కదా చూసింది. ఎలా ఎగిరిందో మాకూ చూపించు.”

కానిస్టేబుల్ పక్కన నిలబడి స్టార్టర్ కలిపాడు. ఇంజన్ దగ్గి అందుకుంది. నల్లటి పొగ లేచింది. షెడ్డు రేకులు వణికాయి. ముందున్న జనం చెల్లాచెదురైపోయారు.

“క్లచ్ వదులు.”

త్రినాథ్ వదిలాడు.

ట్రాక్టర్ కదల్లేదు.

“మొదటి గేరు. రివర్స్. నీకిష్టమైంది వేసుకో.”

లివర్ ఎటు తోస్తే అటు పోయింది. ఇంజన్ ఊగిపోతోంది. చక్రం అంగుళం తిరగలేదు.

“ఆపు.”

ఆ నిశ్శబ్దంలో జనంలోంచి చినబాబు ముందుకొచ్చాడు. చేతిలో గోనె మూట. విప్పాడు. లోపల కొత్తగా పళ్ళు కట్టిన గేర్, దానితోపాటు షాఫ్ట్.

“నిన్న సాయంత్రం ఆరున్నర బస్సులో కండక్టర్ సేత పంపించినాడు దాలయ్య బావ. అప్పట్నుంచి నా లేత్ మీదే ఉన్నాది.”

హేమ ట్రాక్టర్ వైపు తిరిగింది.

“ఈ పెట్టెలో గేర్ లేదు. నిన్నట్నుంచీ లేదు. ఇంజన్ ఎంత అరిచినా ఇది కదలదు. మరి పొద్దున ఎలా ఎగిరింది త్రినాథ్? మూత పెట్టి ఉంది కాబట్టి పనయిపోయిందనుకున్నావు. చక్రాల కింద రాళ్ళు లాగావు. బ్రేక్‌ని పట్టి ఉంచే కొక్కెం వదిలావు. వాలులో బండి దానంతటదే జారింది, కింద పడుకుని పని చేస్తున్న మనిషి మీదకి. తర్వాత లివర్ రెండో గేర్లోకి తోశావు, అతని చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టావు. ఆ మూత ఒక్కసారి ఎత్తి ఉంటే నీకీ అబద్ధం అవసరమయ్యేది కాదు. బ్రేకు జారిందంటే సరిపోయేది. మేమూ నమ్మేవాళ్ళం.”

రెండు బోల్టులూ చేత్తో తీసి, మూత ఎత్తింది.

ఖాళీ పెట్టె. అడుగున పాలిథిన్ కవరు. అందులో నీలం నైలాన్ వల ముక్క, దానికి ఎండిన నెత్తురు, వలని నీటి మీద తేల్చే ఒక బెండు. ముందు చక్రం ఇరుసుకి చుట్టుకుని, మడ్డిలో దాగి ఉన్నదాన్ని దాలయ్య కోసి తీశాడు. బెండు మీద గంగులు తెప్ప రంగు, పసుపు మీద ఎర్ర గీత.

త్రినాథ్ ట్రాక్టర్ మీంచి జారిపోయాడు. “గిరిబాబు సెప్పినాడండి! గంగులు మీద బండెక్కించింది ఆడేనండి! ఆ రోజు తోలింది ఆడే! ఇరుసు కింద దాలయ్య ఏదో కోసి తీసినాడని నానే ఆడితో సెప్పినాను, దాలయ్య నోరు మూయించకపోతే నన్నే ఇరికిస్తానన్నాడు!”

“ఒరే, ఎదవా!” గిరిబాబు త్రినాథ్ మీదకి దూకాడు. రెండడుగులు కూడా పడలేదు. ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టేశారు.

కూర్మమ్మ ఏడవలేదు. గిరిబాబు ముందుకెళ్ళి నిలబడింది.

“మా ఇనప పనోడి తప్పే అని నమ్మించబోయినావు కదరా. సూడు. సచ్చీ నిన్ను పట్టించినాడు.”

నాలుగూ పదికి హేమ సీఐకి ఫోన్ చేసింది. ఇద్దరి అరెస్ట్, గంగులు కేసు, అన్నీ చెప్పింది.

“సరే, సరే. మిగతాది రేపు చూద్దాం” అన్నాడు సీఐ.

ఏటి వైపు నుంచి ఇంజన్ల మోత వస్తోంది. జనం అటే చూస్తున్నారు.

“రేపు కుదరదు సర్. గిరిబాబువి నంబర్లు లేని బండ్లు ఇంకో అయిదు ఇప్పుడు ఏట్లోనే ఉన్నాయి. చీకటి పడే లోపు ఇసుకతో ఈ రోడ్డు మీదే వస్తాయి. బడి పిల్లలు ఇంటికి నడిచొచ్చే రోడ్డు ఇదే. పదకొండు రోజులు ఫైలు మీద కూర్చుంది నేను, అది నా మీద రాయండి. కానీ ఫోర్స్ ఇప్పుడు పంపండి. అయిదు బండ్లూ సీజ్ చెయ్యాలి, ఏటి దారి తవ్వి మూసెయ్యాలి. మీ జీపు వచ్చేదాకా నేనూ, కూర్మమ్మా, ఈ ఊరూ రోడ్డుకి అడ్డంగా కూర్చుంటున్నాం. పంపండి సర్.”