చెక్కగోడలో చప్పుడు

తలుపు తట్టకుండానే ఆమె డిటెక్టివ్ గారి ఆఫీసులోకి వచ్చేసింది. చంకలో శాలువా చుట్టిన టెర్రియర్ కుక్క. బిరుసు వెంట్రుకలు, పొడుగు మూతి, ముసలాయన గడ్డంలాంటి గడ్డం. కుక్క నిమ్మళంగానే ఉంది. ఆమె మొహంలోనే నెత్తుటి చుక్క లేదు.

“సాయంత్రం దీనికి సూది వేసి చంపేస్తారండీ,” అంది నిలబడే. “ఎలాగైనా ఆపండి. ఇది పోతే నేనూ పోయినట్టే.”

అసిస్టెంటు మంచినీళ్ళు ఇచ్చాడు. ఏళ్ళ తరబడి ఆయన దగ్గరే ఉన్నా ప్రతి కేసుకీ కొత్తగా నోరు వెళ్ళబెట్టే సుగుణం ఇతనిది.

ఆమె కుట్టుపని నేర్పే టీచరు. భర్త పోయాడు. ఇంట్లో ఆమె, మరిది, ఆడపడుచు ఉంటారు. ఇల్లు ఆమె పేర ఉంది, కొన్ని నెలల కిందట అమ్మేద్దామనుకుంది. అలా అనుకున్నప్పటి నుంచీ మంచం పక్కనున్న చెక్కగోడలో ఏదో గోకుతున్న చప్పుడు వినిపిస్తోంది. లోపలెవరో గోళ్ళతో గీరుతూ బయటికి రావాలని చూస్తున్నట్టు.

“ఇంకెవరైనా విన్నారా?” అన్నాడు డిటెక్టివ్.

“మరిదికి చెవుడండీ. ఆడపడుచుది గోడకి అవతలి గదే. నేను కేక పెడితే పరిగెత్తుకొస్తుంది, నన్ను పట్టుకుని ఏడుస్తుంది. తనకేమీ వినపడలేదంటుంది. అప్పటికి చప్పుడూ ఆగిపోతుంది. నాతోపాటు వినేది ఈ కుక్కొక్కటే. ఆ గోడ మొదట్లో నేలంతా గోళ్ళతో చీరేసింది. మొన్న ఆడపడుచుని కరిచింది. దీనికి పిచ్చని ఇంట్లోవాళ్ళు తేల్చేశారు. మరి ఇది విన్నదే నేనూ వింటున్నాను కదండీ...”

డిటెక్టివ్ కుక్క వైపు వంగాడు.

“దీని బొచ్చు ఎవరు చూస్తారు?”

“నేనేనండీ. ఈ జాతికి కత్తెర పెడితే బిరుసు పోతుంది. ముదిరిన వెంట్రుకల్ని వేళ్ళతో పీకాలి. పీకుతున్నంతసేపూ నా ఒళ్ళో కునుకు తీస్తుంది.”

డిటెక్టివ్ కుక్క గడ్డం కింద గీరాడు. “వెంట్రుకలు పీకుతుంటే కునుకు తీసే పిచ్చికుక్కని నేనెక్కడా చూడలేదమ్మా. పదండి.”

ఆమె ఇంటి గేటు దగ్గరే, డిటెక్టివ్ ఇచ్చిన కార్డు చూసి మరిది విరుచుకుపడ్డాడు. “కుక్క కోసం డిటెక్టివా! వదినా, నీకు నిజంగానే మతిపోయింది!” కుక్కని తన్నబోయాడు. అది మొరిగింది, పక్కకి తప్పుకుంది, అంతే.

ఆడపడుచు మాత్రం వెన్నముద్దలాంటి మనిషి. మణికట్టుకి కట్టు, ఒళ్ళో అల్లిక సంచి. సంచి అడుగున అక్కడక్కడా కొత్త దారంతో కుట్లు ఉన్నాయి. పైన నాలుగు వేళ్ళ వెడల్పు ఉన్ని అల్లిక కనిపిస్తోంది.

“స్వెట్టరు ఎవరికమ్మా?” అడిగాడు డిటెక్టివ్.

“వదినకండీ. ఇల్లమ్మే మాట వచ్చినప్పుడు మొదలెట్టాను. పాపం, భయంతో వణికిపోతోంది.”

“కుక్క ఎక్కడ కరిచింది?”

“ఇక్కడేనండీ. సంచి పట్టి లాగుతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.”

అసిస్టెంటుకి ఇందులో వింతేమీ కనపడలేదు. డిటెక్టివ్ చెక్కగోడ మీద వేళ్ళతో తట్టి, చెవి ఆనించాడు. అంతలో పశువుల డాక్టరు సూదుల పెట్టెతో వచ్చాడు. ఆ పెట్టె చూడగానే వదిన కుక్కకి అడ్డంగా నిలబడింది.

డిటెక్టివ్ అందర్నీ ఆ గోడ పక్కనే కూర్చోబెట్టి, కుక్క గొలుసు తన చేతిలోకి తీసుకున్నాడు.

“డాక్టరు గారూ, ఈ జాతిని దేనికి పెంచారు?”

“ఎలుకల్ని, బొరియల్లో దూరే జంతువుల్ని పట్టడానికి. టెర్రియర్ అన్న పేరే నేల అని అర్థమొచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చింది. తరతరాలుగా అదే పని. ఎలుక వాసన తగిలిందా, ఇక యజమాని మాట కూడా వినదు.”

“దీనికి మనుషుల మీద కోపముంటే ముందు మరిది గారి పిక్క పట్టేది. ఆయన పాంటుకి గాటు కూడా పడలేదు. మరి ఆ సంచి ఎన్నిసార్లు చిరిగిందో దాని అడుగు చూస్తే తెలుస్తుంది. నెలల నుంచీ అల్లుతున్న స్వెట్టరు నాలుగు వేళ్ళు దాటలేదు. అంటే అది అల్లడానికి కాదు, పైన కప్పడానికి. గోడ పల్చని చెక్క. అవతల ఎలుకని పెట్టిన డబ్బా ఆనిస్తే ఇవతల గోడే గోకినట్టుంటుంది. కేక వినపడగానే డబ్బా సంచిలోకి పోతుంది. సంచి కింద పెట్టండమ్మా.”

ఆడపడుచు సంచిని గుండెలకి హత్తుకుంది. డిటెక్టివ్ గొలుసు వదిలాడు. కుక్క మరిది కాళ్ళ మధ్య నుంచి దూసుకెళ్ళి సంచి అడుగు పట్టుకుంది. చిల్లుల మూతతో ఒక రేకు డబ్బా నేల మీద దొర్లింది. అందులోంచి గోళ్ళ చప్పుడు.

చెవిటి మరిది కూడా డబ్బా కదలడం చూసి వెనక్కి జరిగాడు. డాక్టరు సూదుల పెట్టె మూసేశాడు.

“పిచ్చిదాని సంతకం చెల్లదు, ఇల్లు అమ్ముడుపోదు. కుక్కకి పిచ్చని ముద్ర వేస్తే వదినకి వెయ్యడం ఎంతసేపు?” అన్నాడు డిటెక్టివ్.

“నేను పుట్టిన ఇల్లు,” అంది ఆడపడుచు నెమ్మదిగా. “నేనెక్కడికి పోవాలి?”

వదిన ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. ఆ గొంతులో కోపం లేదు. “ఆ మాట నాతో చెబితే అమ్మేదాన్ని కాదే. ఒకటి చెప్పు. నన్ను పట్టుకుని ఏడ్చేదానివే, అది కూడా నాటకమేనా?”

“లేదొదినా, ఒట్టు,” అంది ఆడపడుచు. “నీ మొహం చూస్తే నాకూ నిజంగానే భయమేసేది.”

వదిన కుక్కని ఎత్తుకుని, వెనకడుగులు వేస్తూ, ఆడపడుచు మీంచి చూపు తిప్పకుండా గుమ్మం దాకా నడిచింది.